బొట్టుబిళ్ళ పెట్టుకున్న తోటకూర

మొక్కకు బొట్టుబిళ్ళ పెట్టడం మా ప్రయోగశాలలో ఎవరికీ చేతకాలేదు.

బొట్టుబిళ్ళ అన్నది మేం పెట్టుకున్న ముద్దుపేరు. నువ్వుగింజంత పలచటి పొర అది. లేత కాడకు అంటిస్తే, మొక్క లోపల పారే అతి సన్నని విద్యుత్తును పట్టుకుని, పక్కనున్న టిఫిన్ డబ్బాలాంటి పెట్టెకు చేరవేస్తుంది. పెట్టె దాన్ని శబ్దంగా మారుస్తుంది. నీళ్ళు పోస్తే ఒక శబ్దం, ఎండ తగిలితే ఒకటి, ఆకు తెగితే మరొకటి. ఆరేళ్ళు పట్టింది అంతవరకూ రావడానికి. తీరా అంటించబోతే పట్టకారుకు పొర చిరిగిపోయేది. వేళ్ళతో నొక్కితే కాడ నలిగేది. నలిగిన మొక్క ఆ రోజంతా తన నలుగుడు సంగతే చెప్పేది తప్ప మరో మాట ఎత్తేది కాదు.

ఒక ఆదివారం, గాజుసామాను కడిగే ఈశ్వరమ్మ తన మనవరాలిని వెంట తెచ్చుకుంది. నాలుగేళ్ళ పిల్ల. మేం టీ తాగి వచ్చేలోపు నాలుగు బెండమొక్కలకు నాలుగు బిళ్ళలు పెట్టేసి, ఐదోది తన నుదుట పెట్టుకుంది. నాలుగూ చక్కగా పనిచేశాయి. ఐదోది కూడా పనిచేసింది గానీ, పెట్టె అంత గోల చేయడం మేం అదివరకు వినలేదు.

"సార్, మనకు కావలసింది శాస్త్రవేత్తలు కాదు, ఐదేళ్ళలోపు వేళ్ళు" అంది సుహాసిని.

సుహాసిని ఆ ప్రయోగశాలకు పెద్ద. ఒకప్పుడు కాలేజీలో నా దగ్గర భౌతికశాస్త్రం చదువుకుంది. నా భార్య శ్యామల పోయిన నెలకు మా ఇంటికి వచ్చి, మూసి ఉన్న కిటికీలన్నీ తెరిచి, "రేపటినుంచి మా దగ్గరికి రండి సార్, విద్యుత్తును శబ్దంగా మార్చే పని ఒకటుంది, మీ చేతికి తగ్గది" అంది. ఓదార్పు మాట ఒక్కటీ మాట్లాడలేదు. అందుకు ఆమెకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

అలా ఐదేళ్ళలోపు వేళ్ళను వెతుక్కుంటూ నేను రేవుపాలెం అంగన్‌వాడీకి చేరాను.

రేవుపాలెం సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఉంటుంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలంటే గంట. పడవ మీద పది నిమిషాలు. పడవ నడిపే పోలయ్య, నేను ఎక్కేటప్పుడు గెడకర్రను బురదలో గట్టిగా దింపి, పడవ కదలకుండా పట్టుకునేవాడు. అందరికీ అలా పట్టడు. నా మోకాళ్ళ సంగతి నేను చెప్పకుండానే అతనికి తెలిసింది.

అంగన్‌వాడీ వెనక పెళ్ళిపందిరంత జాగా ఉంది. కట్టడం అయ్యాక మిగిలిన ఇటుకముక్కలు, సున్నం గడ్డలు అక్కడే పోసి వెళ్ళారట. కనకం టీచరూ, ఆయమ్మా కలిసి ఒక వేసవంతా వాటిని ఏరి, పాయలోంచి ఒండ్రుమట్టి మోయించి, మడులు కట్టారు. ఇరవైరెండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి జానెడు నేల. ఆ జానెడులో వాళ్ళు ఏం వేసుకుంటే అది. తోటకూర, బచ్చలి, వంగ, బెండ. పైడిరాజు అనే వాడు మాత్రం తన వాటాలో బెల్లంముక్క నాటి, రోజూ నీళ్ళు పోస్తున్నాడు. చీమలు బాగా పెరిగాయి. వాడికి అదీ సంతోషమే.

ఆ తోటలో ఒకటే నియమం. ఏ ప్రాణి కనిపించినా కళ్ళతో చూడాలి, చేతులతో చూడకూడదు. నేను వెళ్ళిన మొదటి రోజే తొలకరి పడి, ఎర్రటి ఆరుద్ర పురుగులు మడుల మధ్య మఖమల్ గుండీల్లా నడుస్తున్నాయి. ఇరవైరెండు మంది గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. నన్నెవరూ పట్టించుకోలేదు. నేనూ చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. లేచేటప్పుడు మాత్రం ముగ్గురు వచ్చి లేపాల్సి వచ్చింది.

"ఏటండి జగన్నాథం గారూ, ఈ డబ్బా ఎట్టి ఏటి సేస్తారు?" అంది కనకం టీచర్, పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"మొక్కలు లోపల ఏం చేస్తున్నాయో వినిపిస్తుందమ్మా."

"ఈ ఇరవైరెండు మంది మాటలు ఇనడానికే నాకు సెవులు సాల్డం నేదు. సరే, కానీండి."

పిల్లలు ఆ పూట తోటకూర మడి మొత్తానికి బొట్లు పెట్టారు. నేను నేర్పాల్సిన అవసరమే రాలేదు. అందరికన్నా నెమ్మదిగా, అందరికన్నా బాగా పెట్టింది రత్తి. అసలు పేరు నూకరత్నం, పడవ పోలయ్య మనవరాలు. నాలుగున్నరేళ్ళకు మూడేళ్ళ పిల్లలా ఉండేది. తల్లి కాన్పులోనే పోయింది. తండ్రి వేటబోటు మీద నెలల తరబడి వెళ్ళిపోతాడు. గోడ మీది బరువుల పట్టికలో ఆ పిల్ల గీత ఏడాది పాటు ఎరుపులోనే నడిచిందనీ, కిందటి నెలే పసుపులోకి ఎక్కిందనీ కనకం టీచర్ చెప్పింది.

"ఏడాది పట్టినాదండి. ముద్ద ముద్దకీ ఒక కత సెప్పాను. ఇప్పుడిప్పుడే తనంతట తాను తింతంది. దాని మడిలో తోటకూరంటే మరీ పేనం."

సాయంత్రం నీళ్ళు పోశారు. పెట్టెలోంచి సన్నగా, తొందర తొందరగా, కింది నుంచి పైకి ఎగబాకే సవ్వడి వచ్చింది. చిన్న గంటలు మెట్లెక్కి పరిగెత్తుతున్నట్టు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నవ్వతంది" అన్నాడు పైడిరాజు.

మరుసటి రోజు నేను వెళ్ళేసరికి మడి చెరువైంది. తోటకూర నవ్వు వినడానికి పొద్దున్నించి చెంబులతో పోస్తూనే ఉన్నారు. మొక్కలు సగం మునిగాయి. ఆయమ్మ గిన్నెతో నీళ్ళు తోడిపోస్తూ, "మీ డబ్బా పున్నెమా అని ఈ యేళ నాకు నూతి పని తప్ప యింకో పని నేదు బాబూ" అంది. నేనూ ఒక గిన్నె పుచ్చుకున్నాను. ఆ రోజు నేను నవ్వినంత, శ్యామల పోయాక ఎప్పుడూ నవ్వలేదు.

మూడు వారాలు అలా గడిచాయి. ప్రయోగశాలలో సుహాసిని మా తోట శబ్దాలను రోజూ విని, ఇంత శుభ్రమైన నమోదు ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదని పొంగిపోయింది. వంద అంగన్‌వాడీలకు వంద పెట్టెలు పంపడానికి ఏర్పాట్లు మొదలయ్యాయి. పెట్టెల మీద వేయడానికి నవ్వే మొక్క బొమ్మ కూడా గీయించారు.

తరువాత కోత రోజు వచ్చింది.

రత్తి మడి ముందు ఏపుగా ఎదిగింది కాబట్టి మొదటి ఆకు దానిదే. ఆయమ్మ అప్పటికే పప్పు పొయ్యి మీద పెట్టింది. రత్తి నవ్వుతూ, లేత కాడను గోటితో గిల్లింది.

పెట్టెలోంచి ఒక శబ్దం వచ్చింది. పైన ఎక్కడో మొదలై, సాగుతూ, సాగుతూ, కిందికి జారిపోయింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ. పక్క మొక్క అందుకుంది. దాని పక్కది అందుకుంది. మడంతా ఒకదాని వెనక ఒకటి.

రత్తి చేతిలో ఆకు అలాగే ఉంది.

"నొప్పెట్టినాదా దానికి?" అంది.

మాకు ఆ శబ్దం కొత్తది కాదు. ఆకు తెగితే కాడలో విద్యుత్తు పడిపోతుంది. విద్యుత్తు పడితే స్వరాన్ని పడేయడం మా వాళ్ళ అలవాటు. ఏ మీటరు చేసినా అంతే, ముల్లు దిగితే శబ్దం దిగాలి. స్వరాలు సరిచేసింది నేనే. పెద్దవాళ్ళం పదిమంది ఆ శబ్దం వందసార్లు విన్నాం. గ్రాఫు చూసుకుంటూ విన్నాం కనుక మాకు గ్రాఫే వినిపించింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ స్వరాలు నేను కూర్చినది శ్యామల పోయిన ఏడాది. అది ఎంత సాగాలో, ఎంత నెమ్మదిగా దిగాలో నిర్ణయించింది నా చెవి. ఆ ఏడాది నా చెవికి ఏది సబబుగా తోచిందో నాకిప్పుడు తెలుస్తోంది.

"నొప్పి కాదమ్మా" అన్నాను. "అది ఉత్త విద్యుత్తు."

"మరెందుకు ఏడుస్తంది?"

ఆ పూట తోటకూర పప్పు ఇరవైరెండు కంచాల్లోనూ మిగిలిపోయింది. పైడిరాజుకు ఆకుకూరంటే ముందే పడదు కాబట్టి, "పాపం కదా టీచరమ్మా" అని అందరికన్నా గట్టిగా వాడే అన్నాడు.

మిగతా పిల్లలు వారంలో దారికొచ్చారు. రత్తి రాలేదు. ముందు ఆకుకూరలు మానింది. తరువాత వంకాయ మానింది. ఒకరోజు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని, "బియ్యం ఏ సెట్టుకి కాస్తాయి టీచరమ్మా" అని అడిగింది. పాపం, కనకం టీచర్ ఉన్నదున్నట్టు చెప్పింది. వరి మొక్కను కోసి, కట్టలు కట్టి, కొడతారని. ముద్ద కంచంలోకి దిగిపోయింది. ఇంక గుడ్డూ పాలూ తప్ప ఏదీ ముట్టలేదు. ఇంట్లోనూ అంతే.

నెలాఖరున తూకం వేశారు. కనకం టీచర్ పట్టికలో చుక్క పెట్టి, నా వైపు తిరక్కుండానే అంది.

"ఎరుపులోకి దిగిపోనాది."

"ఈ రోజే పెట్టె తీసుకుపోతానమ్మా" అన్నాను.

"ఏడాది నాను ముద్ద ముద్దా ఎక్కించినాను బాబూ. మీరు ఒక్క పూటలో దించేసినారు." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది.

పెట్టె సంచిలో పెట్టుకుని, బిళ్ళలన్నీ ఒలిపించేశాను. రత్తి అంతా చూసి నా దగ్గరికి వచ్చింది.

"డబ్బా అట్టుకెల్లిపోతే ఏడుపు మానేస్తాయా తాతా?"

జవాబూ తనే చెప్పింది. "మానవు. మనకినబడదు, అంతే."

ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. ఇంత సూటిగా ఆలోచించిన విద్యార్థి నాకు తగల్లేదు.

వెనక్కి వచ్చేటప్పుడు పోలయ్య పడవను తొందర లేకుండా నడిపాడు. పాయ మధ్యకు వచ్చాక, "బాబూ, నిన్న ఆ గుంట నా సుట్ట కూడా దాసేసినాది. పొగాకు మొక్కంట" అన్నాడు. నవ్వబోయి, నవ్వలేక నీళ్ళ వైపు చూశాడు. "దాన్ని ఎత్తుకుంటే బరువు తెలీడం నేదు. దాని అమ్మ పోయిన కాడ్నించీ నాను బతుకుతున్నది దానికోసమే. ఏదో ఒకటి సెయ్యండి."

సుహాసినికి అంతా చెప్పాను. తను చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుంది.

"ఒక్క గీత మారిస్తే చాలు సార్" అంది చివరికి. "దిగే స్వరాన్ని ఎక్కే స్వరం చేద్దాం. తెంపినా నవ్వుతుంది. రేపు మధ్యాహ్నానికి పిల్ల తినేస్తుంది."

"అది అబద్ధం కాదూ?"

"ఏడుపు మాత్రం నిజమా? మీరు పెట్టిందే కదా. కరెంటుకు ఏడుపేమిటి, నవ్వేమిటి?"

ఆమె అన్నది సబబే. అయినా నాకు మనసొప్పలేదు. పోలయ్య మాట గుర్తొచ్చి, ఒప్పుకున్నాను.

మర్నాడు పిల్లలు మళ్ళీ బొట్లు పెట్టారు. నేనే ఒక ఆకు గిల్లాను. గంటలు మెట్లెక్కాయి. పిల్లలు చప్పట్లు కొడతారనుకున్నాను. పైడిరాజు పెట్టెకేసి, నాకేసి మార్చి మార్చి చూశాడు.

"నిన్నటేల ఏడిసినాది. ఈ యేళ నవ్వతంది. కొట్టినారేటి తాతా దాన్ని?"

రత్తి లోపలికి వెళ్ళిపోయి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు గుడ్డు కూడా తినలేదు.

నేను ఆయమ్మ స్టూలు మీద కూర్చుని, అందరి ఎదుటా పెట్టె విప్పి, పాత స్వరం పాత చోట పెట్టేశాను. నాకు ఆ పని తప్ప మరేం తోచలేదు. రత్తి దగ్గరికి వెళ్ళి గోడకానుకుని కూర్చున్నాను.

"తప్పు చేశానమ్మా. మార్చింది నేనే. మొక్క మారలేదు."

"మరిప్పుడు?"

"ఎప్పట్లాగే చేసేశాను."

నా వైపు తిరిగింది. "డబ్బా ఉంచేయి. ఏడిసినప్పుడు నానెల్లి కూకుంటాను" అంది.

అలా రత్తి తోటకు కాపలా మొదలైంది. పొద్దున్న పోలయ్య దింపిన దగ్గర్నుంచీ మడుల మధ్య గోనెసంచి పరుచుకుని కూర్చునేది. ఎవరు ఆకు తెంపబోయినా వద్దనేది కాదు, కళ్ళు మూసుకునేది. కనకం టీచర్ గుడ్డు ముక్కలు చేసి అక్కడికే తెచ్చి పెట్టేది. నేను రోజూ వెళ్ళి, కాస్త దూరంలో కుర్చీ వేసుకునేవాణ్ణి. చేయగలిగిందేమీ లేదు. నీడ జరిగినప్పుడల్లా ఆ పిల్ల సంచిని నీడలోకి లాగేవాణ్ణి. అంతే నా పరిశోధన.

అది మందు కొట్టని తోట. కాబట్టి వానలు ముదిరాక పురుగులు పట్టాయి. ఆకుపచ్చ గొంగళిపురుగు తోటకూర ఆకు అంచు పట్టుకుని, కుట్టుమిషను మీద గుడ్డ నడిచినట్టు నములుకుంటూ పోయేది. అది పళ్ళు దించిన క్షణంలో పెట్టెలోంచి అదే శబ్దం. పైనుంచి కిందికి. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. రత్తి ఆ మొక్క పక్కకు జరిగి, దాని కాడ మీద చెయ్యి వేయకుండా, దగ్గరగా పెట్టి కూర్చునేది. నియమం తప్పేది కాదు.

ఐదోరోజో ఆరోరోజో, పదకొండు గంటలప్పుడు, వచ్చి నా పంచె పట్టుకుని లాగింది.

"తాతా, అది ఏడుపు కాదు."

నేను కళ్ళద్దాలు సరిచేసుకున్నాను.

"ఏడుపయితే ఎవులొచ్చినా ఆగదు. మా నాన్న ఎల్లినప్పుడు నాను ఏడిసినాను, తాత ఎత్తుకున్నా ఆగనేదు. ఇది ఆగిపోతంది."

"ఎప్పుడు ఆగిపోతోంది?"

"రా, సూడు."

నన్ను గోనెసంచి మీద కూర్చోబెట్టింది. చేతులు వెనక్కి కట్టుకోమంది. ఒక మొక్క మీద పురుగు నములుతోంది. శబ్దం జారుతోంది. ఒకటి, రెండు, నాలుగు, ఏడు సార్లు. అప్పుడు బచ్చలి పందిరి వైపు నుంచి నల్లని చుక్క ఒకటి గాలిలో ఊగుతూ వచ్చింది. బియ్యపుగింజంత కందిరీగ. అటూ ఇటూ వెతకలేదు. చిరునామా తెలిసినదానిలా తిన్నగా ఆ ఆకు మీదికే వచ్చి, పురుగు వీపు మీద వాలి, తోక వంచి ఒక్క పోటు పొడిచింది. పురుగు నమలడం మానేసి ముడుచుకుంది. పెట్టె ఒక్కసారి మెల్లగా మూలిగి, ఊరుకుంది.

"సూసినావా" అంది రత్తి రహస్యంగా. "అవతలొడ్డు నించి మా తాతని పిలుస్తారు గదా, ఓ... పోలయ్యో... అని. తాత ఆఁ అనీదాకా పిలుస్తానే ఉంటారు. ఆఁ అంటే ఊరుకుంటారు. ఇదీ అంతే. పిలుస్తంది."

పాయ అవతల నిలబడి నేనే ఎన్నిసార్లు అలా పిలిచానో. పైన మొదలై, ఊపిరి అయిపోయేకొద్దీ కిందికి జారే కేక.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పురుగు కొరికిన ఆకు ఒక వాసన వదులుతుందనీ, ఆ వాసన పట్టుకుని కందిరీగలు వస్తాయనీ నేను పుస్తకాల్లో చదివినవాణ్ణే. కానీ ఆ చదువు ఒక అరలో ఉంది, ఈ పెట్టె మరో అరలో ఉంది. రెంటినీ కలిపింది గోనెసంచి మీద కూర్చున్న పిల్ల.

ఆ మధ్యాహ్నం సుహాసినికి ఫోన్ చేశాను. సాయంత్రం పడవకు తనే దిగింది. మూడు రోజులు రత్తి పక్కనే కూర్చుంది. రత్తి గులకరాళ్ళు పెట్టి లెక్కవేసింది, సుహాసిని గడియారం పెట్టి లెక్కవేసింది. నలభై ఒక్క కేకల్లో ముప్ఫై మూడింటికి ఎవరో ఒకరు వచ్చారు. ఎక్కువగా కందిరీగలు. రెండుసార్లు సాలీడు. ఒకసారి తొండ వచ్చి పురుగునూ, పురుగు మీది కందిరీగనూ కలిపి మింగేసింది. పైడిరాజుకు తోటలో అంతకన్నా గొప్ప సంగతి ఏదీ జరగలేదు. ఎనిమిది కేకలకు ఎవరూ రాలేదు. ఆ ఎనిమిదీ, రెండు మూడు గంటల పాటు పిలిచి పిలిచి ఆగిపోయాయి. రత్తి ఆ ఎనిమిది రాళ్ళనూ విడిగా ఒక కొబ్బరిచిప్పలో వేసింది.

ప్రయోగశాలలో గాజుపెట్టెలో పెంచిన మొక్కలతో పోల్చి చూశాం. అక్కడ కందిరీగలు లేవు. అక్కడి మొక్కలు మొదటి వారం పిలిచేవి. తరువాత తరువాత పురుగు కొరికినా పిలవడం మానేశాయి. ఆరేళ్ళుగా మేం దాన్ని యంత్రంలో లోపమనుకున్నాం. బిళ్ళలు మార్చాం. తీగలు మార్చాం.

"వచ్చేవాళ్ళు లేని చోట పెట్టె పెట్టి ప్రయోజనం లేదు సార్" అంది సుహాసిని ఆ కాగితాలు చూస్తూ. వంద పెట్టెల ఏర్పాటు ఆపించింది. మందు కొట్టని తోట ఉన్నచోటికే, అదీ ఒక్కొక్కటిగానే ఇవ్వాలని రాసుకుంది. నవ్వే మొక్క బొమ్మ తీయించేసింది. దాని బదులు ఏం వేయాలో తోచక ఉత్తగా వదిలేసింది. తన ఆరేళ్ళ పని మళ్ళీ మొదటికి వచ్చింది. అయినా ఆ రోజు ఆమె ముఖం, పరీక్షలో ఎవరికీ రాని లెక్క చేసి కూర్చున్న పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ముఖంలా ఉంది. ఆ ముఖం నాకు బాగా తెలుసు.

కానీ రత్తి ఇంకా తినడం లేదు.

"పురుగు తింటే కందిరీగని పిలుస్తాది. మరి నాను తెంపితే ఎవుల్ని పిలుస్తాది?" అని అడిగింది.

కనకం టీచర్ నాకేసి చూసింది. 'ఏదో ఒకటి చెప్పండి' అని ఆ చూపు. నిన్నే పిలుస్తుంది అని చెప్పేస్తే సరిపోయేదే. ఒకసారి మార్చిన స్వరం నన్ను ఆపింది.

"నాకు తెలీదమ్మా" అన్నాను. "ఎవరికీ తెలీదు. ఇంకా ఎవరూ కనుక్కోలేదు."

రత్తి నా ముఖం పరీక్షగా చూసింది. ఇది అబద్ధం కాదని తేల్చుకున్నట్టుంది. మడి దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఏదో పెద్ద పని ముందు పోలయ్య చేసినట్టే, రెండు అరచేతులూ గౌనుకు తుడుచుకుంది. తరువాత వంగి, చిటికెన వేలంత కాడను గిల్లింది.

కేక వచ్చింది. పైనుంచి కిందికి.

"ఆఁ... వత్తన్నాను" అంది రత్తి.

పెట్టె మరోసారి పిలిచింది.

"వచ్చేసినాను గదే. ఇక్కడే ఉన్నాను." ఆ మొక్క ముందు గొంతుక్కూర్చుంది. కేక ఇంకోసారి, ఇంకా మెల్లగా వచ్చింది. నాలుగోది రాలేదు.

పిలిచినవాళ్ళకు పలకాలి, అది ఆ రేవులో పుట్టినవాళ్ళ మర్యాద. పోలయ్య అన్నం ముందు కూర్చున్నా, అవతలి ఒడ్డున కేక వినబడితే "ఆఁ, వత్తన్నా" అని అరిచి గాని ముద్ద ఎత్తడు. రత్తికి మొక్క ఏడవడం సహించలేని సంగతి. పిలవడం రోజూ ఇంట్లో వినేదే. పలికితే సరి. ఆ కేక నిజంగా ఎవరి కోసమో నాకిప్పటికీ తెలియదు. గాజుపెట్టెలోనైనా తెగిన కాడ మూడు నాలుగు సార్లు పిలిచి ఊరుకుంటుందని తెలుసు. అది రత్తి అడిగితే చెబుతాను. ఆ రోజు అడగలేదు.

ఆ కాడకున్న నాలుగు ఆకులూ తెచ్చి ఆయమ్మ చేతిలో పెట్టింది. ఆయమ్మ వాటిని విడిగా, చిన్న గిన్నెలో, ఎవరి ఆకులతోనూ కలపకుండా వండింది. రెండు చెంచాల కూర అయింది. కనకం టీచర్ అన్నంలో కలిపి కంచం ముందు పెట్టి, ఈసారి ఏ కథా చెప్పకుండా పక్క గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు వెనక నిలబడిందని నాకు తెలుసు, చీర కుచ్చెళ్ళు కనిపిస్తున్నాయి.

రత్తి తింది. మొత్తం తింది. వేళ్ళు నాకి, "ఇంకాత్త నేదేటి?" అంది.

పక్క గదిలో ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది.

ఆ తరువాత ఆ తోటలో పని చేసుకోవడం కాస్త కష్టమైన మాట నిజం. ఎక్కడ ఏ మొక్క పిలిచినా ఇరవైరెండు గొంతులు "ఆఁ, వత్తన్నాం" అని ఒక్కసారి లేచేవి. పాయలో వెళ్ళే పడవలవాళ్ళు తమనేమో అనుకుని బదులు పలికేవారు. వాళ్ళకు మళ్ళీ వీళ్ళు పలికేవారు. పైడిరాజు తోటకూర తినక తప్పని రోజులొచ్చాయి, పిలుపుకు పలికి వెళ్ళి తినకపోతే మర్యాద కాదని రత్తి తీర్పు చెప్పింది. "పిలవకుండానే ఉన్నా బాగుండును" అని వాడు గొణుక్కుంటూ తినేవాడు.

రెండు నెలలకు తూకం రోజు నన్ను రమ్మని కనకం టీచర్ మనిషిని పంపింది. పోలయ్య కూడా పడవ కట్టేసి వచ్చాడు. గోడకానుకుని, పైపంచె చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. టీచర్ పట్టికలో చుక్క పెట్టి, పాత చుక్కకూ దానికీ గీత కలిపింది. గీత పసుపు దాటి ఆకుపచ్చ అంచును తాకింది. పోలయ్య మనవరాలిని చంకనెత్తుకుని, ఒక్క క్షణం మోకాలు వంచి, "బరువెక్కినావే" అని దించేశాడు.

అప్పటికి భోజనాల వేళయింది. వరండాలో రెండు వరసల కంచాలు. అన్నం, బచ్చలి పప్పు, గుడ్డు. నాకూ ఒక కంచం పెట్టారు. మొదటి ముద్దలు నోట్లో పెట్టుకున్నారో లేదో, తోటలోంచి కేక. వంగమడి నుంచి.

సగం మంది లేచారు.

"కూకోండి" అంది కనకం టీచర్. "తిన్నాక ఎల్దురు గాని."

"పిలుస్తంది టీచరమ్మా" అన్నాడు పైడిరాజు, పప్పు తప్పించుకునే దారి దొరికినంత ఆశగా.

"ఇక్కడ్నించే పలకండి."

"ఆఁ, వత్తన్నాం" అన్నారు అందరూ. ఒక్క గొంతు తగ్గింది. నేను రత్తి వైపు చూశాను. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి, పెదాల చివర పప్పు కారుతోంది. నోటి నిండా అన్నం. పలకబోయింది, పలకలేకపోయింది. తోట వైపు తిరిగి, ఉన్నానన్నట్టు చెయ్యెత్తింది.